వడిసెల గెలాక్సీ

చాటలో పప్పు సగం అయింది. అమ్మ చెరిగి నా ముందుకు తోస్తోంది. నేను రాళ్లు, మట్టిబెడ్డలు, మాడిన బద్దలు ఏరి పక్కన పెడుతున్నాను. తాండూరులో ఒక దుకాణం వాళ్లు మిల్లు పట్టిన కందిపప్పును మళ్లీ చేత్తో ఏరించి అమ్ముకుంటారు. వారానికి రెండు బస్తాలు యాలాల్ మీదుగా ఆటోలో మా ఊరికి వస్తాయి. పోయిన మార్చిలో ఆ పూట నా మోకాలి పక్కన పీట మీద లాప్‌టాప్ కూడా తెరిచి ఉంది. ఒక గుప్పెడు పప్పు, ఒక బొమ్మ. మళ్లీ గుప్పెడు పప్పు, మళ్లీ బొమ్మ.

ఎదురింటి శాంతవ్వ అరుగు దగ్గర ఆగి లాప్‌టాప్ వైపు మెడ సాచింది.

"ఏమే రాహేలమ్మా, నీ బిడ్డ పట్టపగలు సుక్కలు సూస్తదంట గదా. రాత్రికేం సూస్తది మరి, సూర్యున్నా?"

"రాత్రికి పండుకుంటది," అంది అమ్మ, చాట ఆపకుండానే. "నీ లెక్క పదకొండు దాకా సీరియళ్లు సూడది."

"ఏమన్న దొరికినయా మరి?"

"పప్పుల అయితే మస్తు దొరికినయి. ఆడ ఇంకా ఏరుతున్నది."

శాంతవ్వకు చెబుదామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. నాకు నోటితో అంత చెప్పడం చేతకాదు. అవి కంటికి కనబడే చుక్కలు కావు. కొన్ని గెలాక్సీల నడిమధ్య ఉన్న బ్లాక్ హోల్ రెండు వైపులకూ రెండు ధారలు చిమ్ముతుంది. లక్షల కాంతి సంవత్సరాల దూరం పోయి ఆ ధారల కొసలు పగిలిన పత్తికాయల్లా ఉబ్బుతాయి. ఎంత పెద్ద అద్దం పెట్టి చూసినా అవి కనబడవు. రేడియో టెలిస్కోపుల డిష్షులకు మాత్రమే అందుతాయి. ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా పట్టి, ఆ రేడియో వెలుగును ఎర్ర రంగులో వేసి, మామూలు ఫొటో మీద పరిచి సైంటిస్టులు ఒక వెబ్‌సైటులో మాకు పంపేవారు. వేలకొద్దీ బొమ్మలు. రెండు పక్కలా ఉబ్బులు, నడుమ గెలాక్సీ తిన్నగా ఉంటే దాటిపోవాలి. వంకరది, విరిగింది, ఇంతకుముందు చూడనిది కనబడితే ఆగి గుర్తు పెట్టాలి. కంప్యూటర్ ప్రోగ్రామ్ ముందే ఒకసారి చూస్తుంది గాని, మసక బొమ్మల్లో అది తడబడుతుంది. అందుకే మనుషుల కళ్లు అడిగారు.

వికారాబాద్‌లో మా డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ శ్రీకాంత్ సార్ జనవరిలో మా క్లాసు నలభై మందినీ ఈ పనిలో చేర్పించారు. ఫిబ్రవరి చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. మిగతావాళ్లకు విసుగొచ్చింది. నాకు రాలేదు. పప్పు ఏరే ఇంట్లో పుట్టినవాళ్లకు విసుగుంటే కుదరదు.

చిన్నప్పుడు నేను రాయి కోసం వెతుకుతూ రాళ్లను వదిలేసేదాన్ని. అమ్మ నా తల మీద ఒక మొట్టికాయ వేసి చెప్పింది: "రాయిని దేవులాడకు. పప్పునే సూస్కుంట పో. పప్పు కానిది అదే అడ్డమొస్తది." బొమ్మలు కూడా అట్లాగే చూసేదాన్ని. పై నుంచి కిందికి, వరస తప్పకుండా, దేనికోసమూ వెతక్కుండా.

ఆ రోజు ఒకటి అడ్డమొచ్చింది. ప్రోగ్రామ్ దాన్ని రెండు వేరువేరు వస్తువులని రాసింది: ఇక్కడొక ఎర్రటి గీత, అక్కడొక ఉంగరం. కానీ ఆ రెంటి నడుమ ఉన్న నలుపు అన్ని చోట్లా ఒకేలా లేదు. తెర వెలుగు పెంచాను. గీత ఒక గెలాక్సీ దగ్గర మొదలై, వంగి, ఉంగరం దాకా పోతోంది. అటుపక్క ఇంకో గీత, అదీ అదే దిక్కుకు వంగింది. రెండూ ఒక్కదానివే.

"అమ్మా, ఇది సూడు."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని వంగింది. ఎక్కువసేపు చూడలేదు. "వడిసెల గదా అది," అంది. "నడుమ రాయి పెట్టే జాగ. రెండు తాళ్లు ఒక్క దిక్కే ఒచ్చినయి. గీ తాడు కొసకు ఏలు దూర్చే ఉంగరం. జొన్నచేన్ల మంచె మీద నిలవడి నేను గొట్టిన పిట్టలు ఎన్నో." మళ్లీ చాట అందుకుంది.

దాన్ని అట్లాగే రాసి పంపాను. వడిసెల అంటే ఏమిటో నాకు వచ్చిన ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి, నా నోటుబుక్కులో గీసిన బొమ్మ కూడా జత చేశాను. అడుగున నా పేరు: రెబెక్క.

ఈ పేరు సంగతి చెప్పకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు. అమ్మ నాకు పెట్టిన పేరు రెబెక్క. ఇంట్లో, చర్చిలో, ఊళ్లో అదే. నన్ను బడిలో వేసిన రోజు హెడ్మాస్టరు కిష్టయ్య సారు కలం ఆపి, "ఈ పేరు రాస్తే రేపు బిడ్డకు ఎస్సీ సర్టిఫికెట్ ఇయ్యరమ్మా. కిరస్తానపోళ్లని బీసీ-సీల ఏస్తరు. రేణుక అని రాస్తున్న," అన్నారట. ఆయన మంచికే రాశారు. మా వాడలో ప్రతి ఇంట్లోనూ ఇట్లాగే రెండేసి పేర్లు. ప్రార్థన చేస్తే మేము పుట్టిన వాడ మారిపోదు, మమ్మల్ని చూసే చూపూ మారదు. కాగితం మాత్రం మారిపోతుంది. మా అన్న మల్లేశ్ చర్చి పేరు మోషే. పోయినేడాది గ్రూప్ ఫోర్‌లో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చిన రోజే, "ఇగ నన్ను గట్ల పిలవకుండ్రి," అన్నాడు. అమ్మ మూడు రోజులు తడబడి, తర్వాత పేరే లేకుండా "ఒరే" అని పిలవడం అలవాటు చేసుకుంది.

ఆ వెబ్‌సైటులో పేరు అన్న గడి ముందు నేను ఆగింది ఒక్క క్షణం. అంతవరకు నా జన్మలో కులం కాలమ్ లేని ఫారం, సర్టిఫికెట్ నంబరు అడగని ఫారం నాకు ఎదురుపడలేదు. రెబెక్క అని కొట్టాను.

ఏప్రిల్ మొదట్లో ఉత్తరం వచ్చింది. ఆ పని నడిపే సైంటిస్టు మనోరమ మేడమ్ రాశారు, నాకూ శ్రీకాంత్ సార్‌కూ కలిపి. ఇట్లాంటి ఉంగరం ధార కొసన ఉండడం తమకు తెలిసినంతలో కొత్తదనీ, ఇంకో టెలిస్కోపుతో మళ్లీ చూశామనీ, అది నిజమేననీ, పరిశోధన పత్రం రాస్తున్నామనీ, అందులో రెబెక్క పేరు రచయితల్లో ఉంటుందనీ. కింద తన ఫోన్ నంబరు ఇచ్చారు. తోటివాళ్లంతా దాన్ని అప్పుడే వడిసెల అంటున్నారట.

సార్ క్లాసులో అడిగారు. "రెబెక్క ఎవరు?"

నిలబడ్డాను.

"నువ్వా రేణుకా!" సార్ నిజంగానే సంతోషించారు. అది నేను కాదనను. బోర్డు మీద వడిసెల గీయించారు. ఆ సాయంత్రం అన్న తాండూరు నుంచి వస్తూ కలాకంద్ తెచ్చాడు. ఆ పాత లాప్‌టాప్ కూడా మొదటి జీతంతో వాడు కొనిచ్చిందే. "మా చెల్లె ఆకాశంల వడిసెల పట్టింది," అని ఊరంతా చెప్పాడు. శాంతవ్వ వచ్చి, "గదాంతోని పిట్టల గొడ్తరా, బిడ్డా?" అని అడిగింది. వారం రోజులు మా ఇంట్లో అందరమూ కొంచెం ఎత్తుగా నడిచాం.

తర్వాతి సోమవారం సార్ స్టాఫ్ రూముకు పిలిచి, "కూర్చో అమ్మా," అన్నారు. మూడేళ్లలో ఆ గదిలో నన్ను ఎవరూ కూర్చోమనలేదు. కూర్చోగానే భయమేసింది.

"పేపర్ల పేరు రావాలంటే కాలేజీ తరఫున లెటర్ పోవాలె. మన రికార్డుల నువ్వు రేణుక. అకౌంట్ల రెబెక్క. ఇద్దరు ఒక్కరే అని నోటరీ ముందు అఫిడవిట్ ఇయ్యాలంటున్నరు కరస్పాండెంట్ సారు."

"రెండు పేర్లు నాయే సార్."

"నాకు తెల్వదా? కాని నోటితోని చెప్పుడు వేరు, స్టాంప్ పేపర్ మీద రాసుడు వేరు." సార్ గొంతు తగ్గించారు. "రేపు పేపరోళ్లు వస్తరు. యాలాల్ దిక్కు అమ్మాయి రెబెక్క అని ఫొటో ఏస్తరు. ఎవడో ఒకడు దాన్ని పట్టుకపోయి తహసీల్దారుకు అర్జీ పెడ్తడు. నీ ఒక్కదానితోని పోదు గదా. మీ అన్న ఇంకా ప్రొబేషన్లనే ఉన్నడట గదా."

అన్న సంగతి నేను సార్‌కు ఎప్పుడూ చెప్పలేదు. కనుక్కున్నారు. అర్జీ పెట్టే ఆ ఎవడో ఒకడు ఎక్కడో లేడని, ఈ కాలేజీలోనే ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది.

"మరి ఎట్ల సార్?"

"మనీషా పేరు పెడదాం. ఆమె గూడ గ్రూపుల ఉన్నది గదా. కింద కృతజ్ఞతలల్ల రేణుక అని నీ పేరొస్తది. ఎవ్వరికీ ఫికర్ ఉండది. అకౌంట్ మనీషాదే, నువ్వు సాయం చేసినవని ఒక్క సంతకం చాలు. నీ మంచికే చెప్తున్న."

మనీషా కరస్పాండెంట్ గారి అమ్మాయి. మా క్లాసే. జనవరిలో పదకొండు బొమ్మలు చూసి, కళ్లు నొప్పి అని మానేసింది. ఆమె మీద నాకు కోపం లేదు. తన పేరు ఎక్కడెక్కడ రాస్తున్నారో ఆమెకూ అప్పటికి తెలుసో లేదో.

గోడకు ఒక ఫ్లెక్సీ చుట్ట ఆనించి ఉంది. పైకొస విప్పుకుని ఉంది. అందులో మనీషా నవ్వు ముఖం, పక్కన ఎర్రగా నా వడిసెల. నన్ను అడగకముందే అచ్చు వేయించారు. తాళ్లు పైకి పోవాల్సినవి కిందికి వేలాడుతున్నాయి.

"సార్, బొమ్మ తలకిందులున్నది," అన్నాను.

సార్ వెనక్కి తిరిగి చూసి చిన్నగా నవ్వారు. "ఎవరికి తెలుస్తదమ్మా?"

నాకు తెలుసు. అది ఏ బొమ్మ పక్కన ఉంటుందో, దాని ఉంగరంలో ఏ వైపు మసక ఎక్కువో, ఎన్నిసార్లు కళ్లు మూసి తెరిస్తే ఆ సన్నని దారం తేలుతుందో నాకు తెలుసు. కానీ ఏమీ అనలేదు. నేను చిన్నప్పటి నుంచీ తక్కువ మాట్లాడేదాన్ని. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని మనుషులు అనుకోవడం నాకు అలవాటే. సార్ కూడా అట్లాగే అనుకుని కాగితం నా చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ వింటూనే లేచి నిలబడింది. "గా కరస్పాండెంటు బిడ్డ బడికి పోతే హాజరు నీ పేరు మీద ఏస్తరా? మరి నీ పని ఆమె పేరు మీద ఎట్లేస్తరు?"

అన్న అరుగు మీద కూర్చుని షూ విప్పుతున్నాడు. ఒకటి విప్పి, రెండోదాని లేసు పట్టుకున్నాడు.

"సంతకం పెట్టెయ్యి చెల్లె."

"అన్నా!"

"మా ఆఫీసుల ఇప్పటికే ఒకడు అడుగుతడు, ఆదివారం ఆదివారం యాడికి పోతవు మల్లేశ్ అని. నవ్వుకుంట అడుగుతడు. నేను గూడ నవ్వుకుంట అత్తగారింటికి అంట. నాకు పెండ్లే కాలె." లేసు లాగాడు. ముడి పడింది. "నాలుగేండ్లు సదివిన నేను. వంటింట్ల పొయ్యి పక్కన కూసోని. నీకు ఒక్క పేరు పోతది. నాకు నౌకరి పోతది."

"ఆమెకు పోయేది పేరేనారా?" అంది అమ్మ.

"పేరే అమ్మా. నేను పోగొట్టుకోలేదా ఒకటి?"

అమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. అన్న మీద నాకు కోపం రాలేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. ఎవడో కుర్చీలో కూర్చుని ఒక్క మాట అంటాడు. ఆ మాటకు మేము ముగ్గురం, ఒక చాట పప్పు ముందు కూర్చునేవాళ్లం, ఒకరి వైపు ఒకరం చూసుకోలేకపోతాం. మాకు దొంగతనం అంటగట్టలేదు, అబద్ధం అంటగట్టలేదు. మాకు రెండు పేర్లున్నాయి, అంతే. ఆ రెండు పేర్లూ పెట్టుకునేలా చేసిందీ, ఇప్పుడు ఆ రెంటినీ చూపించి బెదిరించేదీ ఒకటే చేయి.

శుక్రవారం మధ్యాహ్నం వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు పాసింజర్ నలభై నిమిషాలు లేటని చెప్పారు. ప్లాట్‌ఫాం మీద వేపచెట్టు నీడలో నిలబడి ఫోన్‌లో రాశాను.

"మేడమ్, రెబెక్క నేనే. కాలేజీలో నన్ను రేణుక అంటారు. ఒకటి అమ్మ పెట్టింది, ఒకటి బడిలో రాశారు. వడిసెలను చూసింది నేను, పోల్చింది మా అమ్మ. అకౌంట్ వేరేవాళ్లదని రాసిన కాగితం మీకు వస్తే, దాని మీద నా సంతకం ఉండదు." ఏ రోజు ఏ బొమ్మ చూశానో రాసుకున్న నోటుబుక్కు పేజీలు పన్నెండు ఫొటోలు తీసి జత చేశాను. మళ్లీ ఒకసారి చదివి పంపాను. తర్వాత బండి వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది.

ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సింది. అది నా తప్పే.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం వండుకుంటుండగా గుమ్మం ముందు కారు ఆగింది. శ్రీకాంత్ సార్. అమ్మ కుర్చీ వేసి నీళ్లిచ్చింది. సార్ గ్లాసు అందుకుని పక్కన పెట్టారు గాని తాగలేదు.

"రేపే పంపాలె అమ్మా లెటర్. సంతకం అయిందా?" అని నన్నే అడిగారు.

అన్న లోపలి నుంచి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. "పెడ్తది సార్," అన్నాడు. "చెల్లె, తే ఆ కాగితం."

"నేను పెట్టను సార్," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మనోరమ మేడమ్‌కు మొన్ననే రాసిన. జవాబు నిన్న వచ్చింది."

"ఏమని వచ్చింది?" అన్నారు సార్.

ఫోన్ తీసి చదివాను. పత్రంలో చూసినవాళ్ల పేరే ఉంటుందనీ, దానికి కాలేజీ ఉత్తరం గానీ అఫిడవిట్ గానీ అవసరం లేదనీ, నోటుబుక్కు పేజీలే చాలనీ రాశారామె. పేరు ఎట్లా వేయాలో మీరే చెప్పండి, ఒకటైనా సరే, రెండైనా సరే అని.

"మరి ఏమని చెప్పినవమ్మా?" సార్ గొంతులో ఇప్పుడు అమ్మా అన్న మాట గట్టిగా ఉంది.

"రెండూ. రెబెక్క రేణుక."

ఒక్క రేణుక అని చెప్పి ఉండొచ్చు. రాత్రంతా ఆలోచించాను దాని గురించి. అట్లా చెబితే రెబెక్క ఎవరన్న ప్రశ్న కరస్పాండెంట్ గారి చేతిలోనే ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి మా ముందు పెడతారు. ఒక్క రెబెక్క అంటే నా చదువంతా ఎవరిదో అవుతుంది. రెండూ నావే. రెండూ రాస్తే ఇక ఎవరూ బయటపెట్టేందుకు ఏమీ మిగలదు. నాకు అట్లా తోచింది. కానీ అది నా ఒక్కదానికే సరిపోయే లెక్క అని, అన్న ముఖం చూసే దాకా నాకు తెలియలేదు.

సార్ లేచారు. "నేను గూడ నౌకరి చేసెటోన్నే తల్లీ. రేపు ఏమన్న అయితే నన్ను అనొద్దు."

"నీళ్లన్న తాగిపో సారూ," అంది అమ్మ. "మా ఇంట్ల ఏ పేరుతోని ఇచ్చినా నీళ్లు నీళ్లే."

సార్ గ్లాసు వైపు చూశారు. ముట్టుకోలేదు. కారు పోయిన తర్వాత ఆ దుమ్ము మా గుమ్మంలో చాలాసేపు నిలిచింది.

అన్న మాట కోసం ఎదురుచూశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు. వాడు లోపలికి పోయి మంచం కింది సందూక్ పెట్టె లాగాడు. అందులో మా ముగ్గురి కాగితాలూ ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంటాయి: మెమోలు, ఆధార్లు, కుల ధ్రువీకరణలు, అమ్మ రేషన్ కార్డు. కవరును మంచం మీద బోర్లించాడు. ఒక్కొక్కటీ పేరు చూసి విడదీశాడు. మల్లేశ్ అని ఉన్నవన్నీ ఒక పక్క పేర్చి, అంచులు సరిచేసి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. మిగిలినవి మళ్లీ కవరులో దూర్చి, రబ్బరు బ్యాండు వేసి, నా ముందు పెట్టాడు. విసరలేదు. మెల్లగా పెట్టాడు.

"ఒరే, అన్నం అయింది," అంది అమ్మ. "తిని పోరా."

వాడు షూ తొడుక్కున్నాడు. బండి తాళం చెవి గోడ మేకు నుంచి తీసుకున్నాడు. గుమ్మం దాటేటప్పుడు తల వంచాడు, మా గుమ్మం పొట్టిది కాబట్టి. తర్వాత తల ఎత్తి, తాండూరు రోడ్డు వైపు వెళ్లిపోయాడు.